మాలా, మందుబిళ్లా

సూది పొడిచిన చోట ఇంకా సలుపుతూనే ఉంది. కుడివైపు బరువు వేయకుండా ఎడమకు ఒరిగి కూర్చుంటే పక్కనున్న ముసలావిడ మీద పడుతోంది, సరిగ్గా కూర్చుంటే ప్రాణం జివ్వుమంటోంది. ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి పల్లెవెలుగు ఎక్కడానికే ఒక యుద్ధం చేయాల్సి వచ్చింది. ఆడవాళ్లకు టికెట్ లేదన్నప్పటి నుంచీ బస్సులో కాలు పెట్టే సందుండదు, ఆధార్ కార్డు నోట కరుచుకొని రెండు చేతులతో తోసుకుంటూ ఎక్కాలి. అయినా ఇవాళ రజినికి ఎవరి మీదా కోపం రాలేదు. కాలు తొక్కినామె మీద కూడా రాలేదు. ఏడాది నుంచి తిరుగుతుంటే డాక్టర్ విజయకుమారి నోటి వెంట "బాగుంది" అన్న మాట ఇవాళ వచ్చింది మరి! స్కానింగు తెర తన వైపు తిప్పి, నల్లటి గుండ్రాన్ని వేలితో చూపించి, "ఇదిగో చూడు, ఇన్ని నెలలకు గుడ్డు సరైన సైజుకు పెరిగింది, లోపల పొర కూడా మందంగా ఉంది" అన్నది. గుడ్డు విడుదలయ్యే సూది అక్కడికక్కడే వేయించింది. వేయించి, కళ్లద్దాలు పైకి నెట్టుకొని, "ఇవాళ, రేపు, ఎల్లుండి. మీ ఆయనా నువ్వూ తప్పకుండా కలవాలి. ఈ బిళ్లలతో ఇదే ఆఖరి నెల, ఇంతకు మించి నేను ఇవ్వను. ఈసారి కాకపోతే నెల్లూరు పెద్దాసుపత్రికి రాసిస్తా" అన్నది. ఆఖరి నెల అన్న మాట అప్పుడు చెవిన పడలేదు రజినికి. శని, ఆది, సోమ. వేళ్ల మీద కాదు, పళ్ల మీద నాలుకతో లెక్కపెట్టుకుంది. బస్సు కదిలి గాలి తగిలాక మొగుడు పెంచలప్రసాద్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. షాపులో ఎవరిదో కాలిపోయిన మోటారు విప్పుకొని కూర్చుని ఉంటాడు, చేతుల నిండా గ్రీజు ఉంటుంది, ఇంటికి పోయే చెబుదాంలే, మొహం చూస్తూ చెబుదాంలే అనుకుంది.

ఫోన్ మోగింది. అత్త కామాక్షమ్మ. "అమ్మే రజినీ, బస్సెక్కినావా? మంచి మాట చెప్తా విను. మనోడు మాలేసుకున్నాడు! ఇప్పుడే, ఆదినారాయణ స్వామి చేత్తో. ఎంత కళగా ఉండాడో బిడ్డ, నల్లగుడ్డల్లో. కొండకు పోయొచ్చినాడంటే మళ్లా కార్తీకానికి ఇంట్లో ఉయ్యాల కట్టాల్సిందే. నువ్వు రాంగానే పెరట్లోకి పో, తలకు పోసుకొని లోపలికి రా, ఆ ఆస్పత్రి చీరతో ఇల్లు తొక్కబాకా. వాడికి మిద్దె మీద పడక వేసినాను. నీకు ముందు గదిలో." రజిని ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "ఇంకోటి, నువ్వు దూరమయ్యి తలకు పోసుకొని వారం దాటింది గదా, మళ్లా నీకు దూరం రావడానికి ఎన్నాళ్లుండాదో అంతా లెక్కేసే చెప్పినా వాడికి, ఈ రోజుల్లోనే వేసుకోరా అని. మాలేసేనాడు ఇంట్లో మైలుండకూడదు గదా" అని, ఆ లెక్కకు తనను తానే మెచ్చుకున్నట్టు నవ్వి, కుక్కరు కూత వేసిందని పెట్టేసింది.

లెక్క! ఓరి దేవుడా, ఈమె కూడా లెక్కేసింది. డాక్టరమ్మ వేసిందీ అదే రోజు నుంచి, అత్త వేసిందీ అదే రోజు నుంచి. తను బయట చేరిన రోజును ఒకటిగా పెట్టుకొని డాక్టరమ్మ బిళ్లలిచ్చింది, స్కానింగులకు రమ్మన్నది, గుడ్డు పండే రోజు కనిపెట్టింది. అదే రోజును ఒకటిగా పెట్టుకొని అత్త మైల పోయి ఇల్లు శుద్ధంగా ఉండే రోజులు ఏరి కొడుకు మెడలో మాల వేయించింది. ఇద్దరి లెక్కా వచ్చి ఒకే చోట పడింది. నెలకు ముప్పై రోజులుంటే ముప్పైలో ఆ మూడు రోజులే దొరికాయా తల్లీ నీకు? పోనీ తిట్టుకుందామంటే ఆమె చేసిందేమన్నా పగతో చేసిందా, మనవడి కోసం చేసింది. కీళ్లనొప్పులతో లేవలేని మనిషి నలభై రోజులూ తెల్లవారకముందే లేచి కొడుక్కి మడి వంట చేయడానికి సిద్ధపడింది. మంచికి చేసేవాళ్లతో వచ్చే చావే ఇది, తిట్టడానికి కూడా ఉండదు. చెడ్డవాళ్లయితే కనీసం నోరారా తిట్టుకోవచ్చు. చేతికందింది నోటికందలేదంటే ఇదే గదా. రజిని కిటికీ ఊచ పట్టుకొని పిసికింది. ఏడుపు రావడం లేదు. ఒళ్లంతా మంటగా ఉంది. ఈ బిళ్లలు మింగినప్పటి నుంచీ ఇంతే, ఉన్నట్టుండి ఆవిర్లు వస్తాయి, చెవులు కాలిపోతాయి, చిన్న మాటకు పెద్ద కోపం వస్తుంది. కోపం వస్తే ఇంట్లో "ఆ మాత్రలు తిని పైత్యం ఎక్కింది" అంటారు. అంటే ఏడాదిగా ఆమెకు సొంత కోపమే లేదు, అంతా మాత్రల కోపమే!

మొదట్లో ఇచ్చిన బిళ్లలు వేరు. వాటికి గుడ్డు పెరిగితే పొర పలచబడింది, పొర బాగుంటే గుడ్డు పెరగలేదు. తర్వాత మార్చారు. మార్చిన బిళ్లల పేరు ఆడబిడ్డ కొడుకు ఫోన్లో కొట్టి చూసి "అత్తా, ఇవి క్యాన్సర్‌కు వాడేవంట" అన్నాడు. ఇక చూడు, ఇల్లు ఇల్లంతా గగ్గోలు. కోడలికి క్యాన్సరుంటే దాచిపెట్టి పెళ్లి చేశారా అని కామాక్షమ్మ మంచం మీద కూలబడింది. డాక్టరమ్మ విని విసుక్కోకుండా, "ఆ జబ్బుకూ వాడతారు, గుడ్డు పెరగడానికీ వాడతారు, ఒకే కత్తితో కూరగాయలూ కోస్తాం కొబ్బరీ కోస్తాం గదమ్మా" అని చెప్పింది. ఆ మాట తీసుకొచ్చి ఇంట్లో చెబితే ఎవరూ నమ్మలేదు, అయినా మింగింది. ఊరికేమో ఆత్మకూరు ఎందుకు పోతున్నానో చెప్పకూడదు. లైనింగు గుడ్డలకని చెబుతుంది. జాకెట్లు కుట్టే మనిషికి లైనింగు గుడ్డ కన్నా మంచి సాకు ఏముంది! ఆ సాకు నిలవాలంటే పోయిన ప్రతిసారీ నిజంగా గుడ్డ కొనుక్కు రావాలి. బీరువా కింది అరంతా లైనింగే ఇప్పుడు, ఆకుపచ్చ, వంకాయ రంగు, మామిడిపండు రంగు. ఉదయగిరి ఆడవాళ్లంతా రెండేళ్లు వరసగా జాకెట్లు కుట్టించుకున్నా తరగదు. ఇవాళ కూడా ఒళ్లో కవరుంది, గచ్చకాయ రంగు రెండు మీటర్లు. ఎవరు అడిగారు ఆ రంగు?

మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఎత్తాడు. వెనకాల ఎవరో గంట కొడుతున్నారు. "చెప్పు మాతా" అన్నాడు. మాల వేసుకున్నవాళ్లు ఆడవాళ్లందరినీ అలాగే పిలవాలి, పెళ్లాన్ని కూడా పిలవాలి, ఆ సంగతి రజినికి తెలియంది కాదు. అయినా ఆరేళ్లు కాపురం చేసిన మొగుడి నోట ఆ మాట వినేసరికి చెంప పగలగొట్టినట్టయింది. "మాతేంది, మాత! నేనయ్యా" అన్నది. "ఊఁ, చెప్పు." "ఇవాళ స్కానింగని తెలుసు గదా నీకు?" "తెలుసు." "మరి?" అవతల గంట ఆగింది. "అమ్మ చెప్పింది గదా, మంచి రోజని. నీ కోసమే గదా. ఇక్కడ స్వాములుండారు, ఇంటికి రా మాట్లాడదాం" అని పెట్టేశాడు. నీ కోసమే. అత్తా అదే మాట, మొగుడూ అదే మాట. తన కోసం ఇంతమంది ఇన్ని చేస్తుంటే ఒళ్లు నొప్పి మాత్రం తనొక్కతికే ఎందుకొస్తోందో! చెప్పుల్లేకుండా మోటార్లకు కరెంటు పెట్టి చూస్తాడా ఈ మనిషి, షాకు కొడితే ఎవరు దిక్కు అని కూడా అనిపించింది, అంత కోపంలోనూ. అనిపించినందుకు ఇంకా కోపం వచ్చింది.

బయట పొగాకు ఆరబెట్టే బ్యారన్లు వెనక్కి పోతున్నాయి, బత్తాయి తోటల్లో డ్రిప్పు పైపుల పక్కన ఎవరో వంగి పని చేస్తున్నారు. మాల తీయాలంటే ఒకటే దారి. దాయాదుల్లో ఎవరన్నా పోవాలి. సూతకం వస్తే ఎంతటి స్వామి అయినా మాల తీసేయాల్సిందే. కొండాపురంలో వీళ్ల పెద్దనాయన ఒకాయన మంచాన పడి రెండేళ్లయింది, మనుషులను కూడా గుర్తుపట్టడం లేదు, పాపం ఆయనైనా ఈ రెండు మూడు రోజుల్లో… ఛీ ఛీ! రజిని తన నోటి మీద తానే కొట్టుకుంది. ఎంతకు దిగజారింది! ఒక బిడ్డ పుట్టాలని ఇంకో ప్రాణం పోవాలని కోరుకుంటుందా ఎవరన్నా? కోరుకుంది, దాచేదేముంది. పెళ్లయినప్పుడు ఆ పెద్దాయన తన చేతిలో తమలపాకుల్లో పెట్టి అరిసెలిచ్చి తినమ్మా అని నిలబడి తినిపించాడు. అలాంటి మనిషిని తన అవసరానికి చంపేసింది మనసులో. స్కానింగు గదిలో కూడా ఇలాగే ఉంటుంది, మనిషి మనిషి కాకుండా పోతుంది. ఆ చల్లటి కడ్డీకి తొడుగు తొడిగి జిగురు పూసి లోపలికి పోనిస్తున్నప్పుడు పైకప్పు ఫ్యాను చూస్తూ పడుకోవడం, "వదులుగా ఉండమ్మా, వదులుగా" అని నర్సు గదమాయించడం, బయట బెంచీ మీద ఎవరి మొగుళ్లు వాళ్ల పక్కన కూర్చుని ఉండటం. రజిని పక్కన ఏనాడూ ఎవరూ లేరు. "మీ ఆయన్ను ఒకసారి తీసుకురా, చిన్న పరీక్ష, పది నిమిషాల పని" అని డాక్టరమ్మ నెలనెలా అంటుంది. నెలనెలా ఆయనకు ఏదో ఒక పల్లెలో మోటారు కాలిపోతుంది. అండాశయంలో నీటిబుడగలు తనకున్నాయని తేలింది గాబట్టి లోపం తనదే అని ఇంట్లో ఎప్పుడో రాసిపెట్టేశారు, ఆయనను ఎవరు అడుగుతారు? పోయిన నెల గుడ్డు సైజు కాస్త తక్కువైనా చూద్దామని సూది వేసి పంపిన రోజు ఇంట్లో ఏం జరిగిందో రజిని తలుచుకోదు. దాన్ని తలుచుకోకూడదని పెట్టుకుంది.

"ఏందమ్మా, నీలో నువ్వే కొట్టుకుంటా ఉండావు?" అన్నది పక్కనున్న ముసలావిడ. ఏఎస్ పేట దర్గాకు పోయి వస్తోందట, పేరు చాంద్‌బీ అని ఎక్కగానే చెప్పింది, ఒళ్లో చక్కెర పొట్లం పెట్టుకుంది. "ఏం లేదవ్వా" అన్నది రజిని. అని, ఎందుకు లేదు, ఎందుకు లేదనాలి అనిపించింది. ఏడాది నుంచి అందరికీ ఏం లేదనే చెబుతోంది. ఫోన్ తీసి ఆదినారాయణ స్వామి నంబరు వెతికింది. ఎరువుల కొట్టు పెట్టుకొని పాతికేళ్లుగా కొండకు పోతూ ఊళ్లో కుర్రాళ్లందరికీ మాలలు వేసే పెద్దమనిషి, ఎదురుపడితే పైట సర్దుకొని పక్కకు తొలిగే మనిషి. ఆయనతో ఏ నోటితో చెబుతుంది? నోరు ఒకటే గదా ఉంది, దాంతోనే చెబుతుంది.

"స్వామీ, నేను, మోటార్ల ప్రసాదు భార్యను, రజినిని." "చెప్పు మాతా, ఏంది, సరిగా ఇనపడ్డంలా." "ఆయన మాల తీసేయాల స్వామీ!" "ఏందీ?" "మాల! తీసేయాల!" ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగారు. "ఎందుకమ్మా, ఎవరికన్నా ఏమన్నా…" "ఎవురికీ ఏం కాలేదు. నేను ఆత్మకూరు ఆస్పత్రి నుంచి వస్తా ఉండా. సూదేసినారు, గుడ్డు కోసరం." "కోడిగుడ్డా?" "నా గుడ్డు స్వామీ!" బస్సు ఏదో గతుకులో పడి లేచింది, డ్రైవరు కూడా గేరు మార్చడం మానేశాడా అన్నంత నిశ్శబ్దం. రజినికి చెవులు కాలిపోతున్నాయి, బిళ్లల వేడి కాదది. అయినా ఇప్పుడు ఆపితే ఇంకెప్పుడూ అనలేదు. "ఏడాది నుంచి మందులు తింటా ఉండా. ఇన్నాళ్లకు ఈ నెల సరిగా వచ్చినాది. ఇవాళ నుంచి సోమవారం దాకానే. ఇద్దరం ఒకచోట ఉండాలన్నాది డాక్టరమ్మ. ఈ నెల దాటితే ఇంక మందు లేదన్నాది. ఆయనేమో మాలేసుకున్నాడు. మీరు తీయమంటే తీస్తాడు." చెప్పేసింది. అంతా చెప్పేసింది. బస్సంతా విన్నది, చింతపండు మూట మీద కూర్చున్న మగాయన కూడా విన్నాడు.

ఫోన్లో గరగరమన్నది. సిగ్నల్ పోయిందేమో అనుకుంటుండగా ఆదినారాయణ స్వామి గొంతు సర్దుకున్నాడు. "బిడ్డ కోసరం వేసిన మాల బిడ్డకే అడ్డమైతే ఎట్టమ్మా. దేవుడు మనకన్నా తెలిసినోడు. వాణ్ణి పీఠం కాడికి రమ్మంటా, కొబ్బరికాయ కొట్టి తప్పు చెప్పుకొని తీసేద్దాం. బుధవారం మళ్లా వేస్తా. అసలు నేను బుధవారమే రమ్మన్నా గదా వాణ్ణి! మీ అత్త కూడా సరేనన్నాది. వాడే ఇవాళ పొద్దున వచ్చి, లేదు స్వామీ ఇవాళే వేయాల, పొద్దు కుంకేలోగా వేయాల అని పట్టుబట్టినాడు. ఇంట్లో చెప్పినావా అంటే చెప్పినానన్నాడు. ఉండు, నేనే ఫోన్ చేస్తా వాడికి" అన్నాడు.

బస్సులో ఒక్కసారిగా మాటలు లేచాయి. తీస్తారంట! గురుస్వామే ఒప్పుకున్నాడంట! వెనక సీటామె ముందుకు వంగి రజిని భుజం తట్టింది, ఎవరో ఖర్జూరం తినమన్నారు, ఎవరో నువ్వులు తినొద్దన్నారు. చాంద్‌బీ పొట్లం విప్పి చిటికెడు చక్కెర తీసి నోట్లో వేసింది. "చూసినావా బేటీ, నోరు తెరిచి అడిగితే దేవుడైనా దిగొస్తాడు" అన్నది. రజిని ఆ చక్కెరను నమలలేదు, మింగలేదు. బుధవారం అన్నారట. బుధవారమైతే అంతా అయిపోయి ఉండేది, అత్త లెక్కతో ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు. ఇవాళే వేయాల. పొద్దు కుంకేలోగా వేయాల. తను సూది వేయించుకొని ఇల్లు చేరేలోగా. ఇంతసేపూ అత్తను తిట్టుకుంది, దేవుణ్ణి తిట్టుకుంది, కొండాపురంలో మంచాన పడ్డ ముసలాయనను చంపింది. తిట్టాల్సిన మనిషిని మాత్రం షాకు కొడుతుందేమోనని పాపమనుకుంది.

ఫోన్ మోగింది. ఆయనే. మాతా అనలేదు. "స్వామి ఫోన్ చేసినాడు" అన్నాడు. "ఊఁ" అన్నది రజిని. చుట్టూ అందరూ దీని కోసమే కాచుకొని ఉన్నారు. "నేను తీయను రజినీ. నువ్వు ఇంటికొచ్చి అడిగినా తీయను. ముందే చెప్తా ఉండా." "ఊఁ." "పోయిన నెల ఏమైందో నీకు తెలుసు. అంతకు ముందు నెలా అంతే. నా వల్ల కాలా. నువ్వు ఎవురికీ చెప్పలేదు, అది కూడా నాకు తెలుసు. నువ్వు వస్తావు, ఇవాళ, రేపు, ఎల్లుండి అంటావు, ఆ మాట వింటేనే నాకు చెమటలు పడతాయి. స్విచ్చేస్తే తిరిగేదానికి నేనేమన్నా మోటారునా? ఆ పరీక్ష కూడా, డబ్బా చేతిలో పెట్టి గదిలోకి పొమ్మంటారంట. ఆత్మకూరు దాకా రెండుసార్లు వచ్చినా, నీకు తెలీదు, ఆస్పత్రి ఎదురుగా టీ తాగి తిరిగొచ్చేసినా. మాలేసుకుంటే నలభై రోజులు ఎవురూ ఏమీ అడగరు అనుకున్నా. అంతే. నలభై రోజులు ఊపిరి పీల్చుకుందామనుకున్నా." మాల వేసుకున్న మనిషి ఏడుస్తున్నాడు. అవతల పక్కన స్వాములెవరన్నా ఉన్నారో లేదో.

నీకు నలభై రోజులు, మరి నాకు ఊపిరి ఎవడిస్తాడయ్యా అని అరవాలనిపించింది. నా ఒంట్లోకి కడ్డీలు పోయాయి, సూదులు పోయాయి, క్యాన్సరు బిళ్లలు పోయాయి, నేను ఏ మాల వెనక దాక్కోవాలి? టీ తాగి పోయావా? నేను లోపల ఫ్యాను చూస్తూ పడుకుంటే నువ్వు ఎదురుగా టీ తాగి పోయావా? ముందే ఒక్క మాట చెప్పుంటే ఏమయ్యేది, ఈ నెల మందులే మింగేదాన్ని కాదు గదా! ఇవన్నీ గొంతు దాకా వచ్చాయి. "సరే" అన్నది. ఫోన్ పెట్టేసింది. దాన్ని లైనింగు కవరు కిందికి తోసేసింది. జాలి కూడా వేసింది, అదే మరీ ఒళ్లు మండించింది. కోపాన్ని కూడా పూర్తిగా పడనివ్వడు ఈ మనిషి.

"ఏమన్నాడమ్మే? పీఠం కాడికి పోయినాడంటనా?" అన్నది చాంద్‌బీ. వెనక సీటామె మళ్లీ ముందుకు వంగింది. కండక్టరు టికెట్ల మిషను పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. దూరంగా ఉదయగిరి కొండ కనిపిస్తోంది, ఇంకాసేపట్లో ఈ మనుషులంతా బస్టాండులో దిగి తలా ఒక వీధికి పోతారు. ఒక్క మాట చాలు. చెబితే తెల్లారేసరికి మోటారు మోసుకొచ్చే ప్రతి రైతూ ఆయన మొహం చూసి మీసం చాటున నవ్వుతాడు. ఆడదానికి లోపమంటే అయ్యో అంటారు. మగవాడికంటే నవ్వుతారు. ఆ నవ్వులో ఆయన బతకలేడు, తను బతకడం అలవాటు చేసుకుంది.

"తీస్తానన్నాడవ్వా" అన్నది రజిని, ఫోన్లో స్వామితో మాట్లాడినంత గట్టిగా, వెనక సీటుకు కూడా వినిపించేటట్టు. "నేనే వద్దన్నా. వేసిన మాల తీస్తే మంచిది కాదు గదా. భయమేసినాది."

చాంద్‌బీ నెత్తి కొట్టుకుంది. "అయ్యో అయ్యో, ఇందాక అంత అరిచి అరిచి అడిగినావే! గురుస్వామి ఒప్పుకొని, మొగుడు ఒప్పుకొని, నువ్వు వద్దంటివా! ఆ మగబిడ్డ నీ కోసరం మాల కూడా తీస్తానన్నాడే, ఎంత మంచోడమ్మా!" వెనకామె చేయి తీసేసుకుంది. ఇట్టాంటోళ్లకు ఎన్ని మందులు పోస్తే మాత్రం ఏం లాభం అని ఎవరో అన్నారు, కండక్టరు తల అడ్డంగా ఊపి ముందుకు పోయాడు. "తప్పంతా నీ కాడ పెట్టుకొని ఇంకెవుర్ని అంటావే తల్లీ" అన్నది చాంద్‌బీ.

"అవునవ్వా, నాదే" అన్నది రజిని.